గండిపేట నీటిమట్టము - వక్రరేఖా సంధానము

వానకాలము ముదిరినంతనే హైదరాబాదు పత్రికలలో గండిపేట చెఱువును గూర్చి రెండు సంఖ్యలు తఱచుగా కానవచ్చును. మొదటిది నీటిమట్టము, దానిని అడుగులలో చెప్పుదురు. రెండవది చెఱువులో నిలిచియున్న నీటి పరిమాణము, దానిని టి.ఎం.సి.లలో, అనగా శతకోటి ఘనపుటడుగులు ఒక మానముగా చెప్పుదురు. పూర్ణమట్టము 1,790 అడుగులనియు, ఆ మట్టమున నిలువ 3.9 టి.ఎం.సి. యనియు లెక్క.

ఈ రెండు సంఖ్యలును ఒకే పంక్తిలో ప్రక్కప్రక్కన అచ్చగుచున్నను వాని పుట్టుక వేఱు. మట్టము కంటికి కనబడునది. కొలబద్దపై గీతను చూచి చెప్పవచ్చును. పరిమాణమును చూచినవాడు లేడు. గండిపేట నీటిని కడవలతో తోడి లెక్కించినవా డెవ్వడును లేడు. మొదటి సంఖ్యనుండి రెండవ సంఖ్యకు దాటించు వంతెన యొకటి నడుమ నున్నది. అది యొక వక్రరేఖ. కొన్ని మట్టములకడ సర్వే చేసి గణించిన పరిమాణములను గ్రాఫుపై బిందువులుగా గుర్తించి, ఆ బిందువులకు సరిపడునట్లు గీచిన గీత. పత్రికలో మనము చదువు రెండవ సంఖ్య ఆ గీతపై నుండి దింపినదే.

ఇట్లు బిందువులకు గీతను కూర్చుటనే యీ వ్యాసమున వక్రరేఖా సంధానమని వ్యవహరించుచున్నాను. వింటికి బాణమును సంధించుటయందు వలెనే ఇచటను రెండు వస్తువు లున్నవి, ఒకదానికొకటి అమరవలయును. బిందువులు మనకు దొరకినవి, గీత మనము తెచ్చినది. ఈ భేదమును మఱచుటవలననే పెక్కు తప్పులు పుట్టుచున్నవి.

సాహిత్యశాఖవారి సంచికలో చెఱువు లెక్కలేల యని సందేహింపవచ్చును. నేడు మన పరిశోధక విద్యార్థులు పదముల ఆవృత్తిని, ఛందోభేదముల సంఖ్యను, శాసనముల కాలవిభాగమును కంప్యూటరుపై లెక్కించుచున్నారు. ఆ లెక్కలపై గీతలు గీయుచున్నారు. మ్యాట్‌ల్యాబు, ఆక్టేవు, ఆర్, పైథాను మొదలగు గణన సాధనములు అడిగినంతనే గీతను గీచి యిచ్చును. ఏ గీత నడిగినను ఇచ్చును. తగునా తగదా యని తిరుగ నడుగవు. పదముల లెక్కలో జరిగిన తప్పు గ్రంథాలయమున అణగి యుండును. చెఱువు లెక్కలో జరిగిన తప్పు నీటిరూపమున ఇంటి గడపకు వచ్చును. అందువలన తప్పు స్వరూపమును తెలిసికొనుటకు గండిపేటయే మేలైన తావు.

పూర్వకథ కొంచెము చెప్పవలసియున్నది. 1801 జనవరి 1వ తేదీన సిసిలీ ద్వీపమున పియాజీ యను ఖగోళజ్ఞుడు సిరీస్ అను చిన్న గ్రహమును కనుగొనెను. కొలది వారములు గడచునప్పటికి అది సూర్యుని వెలుగున మఱుగుపడెను. అప్పటికి ఇరువదినాలుగేండ్ల వయస్సుగల గౌసు, ఉన్న కొలది పరిశీలనలనుండియే దాని కక్ష్యను గణించి, తిరిగి ఎచట కనబడునో చెప్పెను. ఆ యేటి డిసెంబరు 31న ఫాన్ జాక్ ఆ తావుననే దానిని చూచెను. అవశేషముల వర్గముల మొత్తము కనిష్ఠముగా నుండునట్లు గీతను ఎంచుకొను పద్ధతిని లెజాండ్రు 1805లో ప్రకటించెను; గౌసు 1809లో ప్రకటించి, తాను అంతకు ముందునుండియే దానిని వాడుచుంటినని చెప్పుకొనెను. అవశేషమనగా కొలిచిన విలువకును గీత చెప్పు విలువకును గల వ్యత్యాసము. నేటి సాధనములన్నియు మూలమున ఈ కనిష్ఠ వర్గముల పద్ధతినే నడుపుచున్నవి.

ఈ కథను గౌసు ప్రతిభకు నిదర్శనముగా చెప్పుదురు. అది నిజమే. కాని మన కిచట కావలసినది మఱియొకటి. సూర్యుని చుట్టు తిరుగు వస్తువు దీర్ఘవృత్తముపై నడచునని కెప్లరు కాలమునుండియు తెలిసియేయున్నది. గీతయొక్క ఆకారము గౌసునకు ముందే చేతిలో నుండెను. అతడు వెదకినవి ఆ ఆకారమును నిర్ణయించు కొలది సంఖ్యలు మాత్రమే. ఆకారము తెలియక, చేతనున్న బిందువులకు తోచిన వంపును కూర్చియుండిన యెడల, ఆ బిందువులకు సరిపోయి యుండెడిదే. గ్రహము మాత్రము దొరకి యుండెడిది కాదు.

గండిపేటకు వత్తము. ఇచట ఆకారమును చెప్పవలసినది లోయ. నిలువు గోడలుగల తొట్టిలో నీటి పరిమాణము లోతుతో సమానముగా పెరుగును. లోతు సగమైనచో నీరును సగమే. రెండు వైపుల వాలుగానుండి అడుగు మాత్రము సమతలముగా సాగు పొడవైన కాలువవంటి లోయలో పరిమాణము లోతుయొక్క వర్గమును అనుసరించును. అడుగుకూడ ఎగువకు వాలుగా లేచుచుండినచో ఘనమును అనుసరించును. నిండు చెఱువున 3.9 టి.ఎం.సి. యున్నదనుకొని లోతు సగమునకు దిగినప్పు డేమి మిగులునో చూడుడు. మొదటి ఆకారమున 1.95, రెండవదానిలో 0.98, మూడవదానిలో 0.49. కొలబద్దపై గీత ఒక్కటియే. నీరు మాత్రము నాలుగింతల భేదము. నిజమైన చెఱువు వీనిలో ఏదియు ఖచ్చితముగా కాదు. కావున పరిమాణము లోతుయొక్క ఏదో ఒక ఘాతమును అనుసరించుననియు, ఆ ఘాతాంకము సాధారణముగా ఒకటికిని మూడింటికిని నడుమ నుండవలెననియు గ్రహించి, దానిని బిందువులనుండి కనుగొనుట యుక్తము. అట్లు వచ్చిన ఘాతాంకమునకు అర్థమున్నది. అది లోయ ఎట్టిదో చెప్పును.

ఇచటనే సాధనము మొదటి వల పన్నును. 1,790 అడుగులనగా సముద్రమట్టమునుండి ఎత్తు. చెఱువునకు సముద్రముతో పని లేదు. దానికి కావలసినది తన అడుగునుండి ఎత్తు. విద్యార్థి పట్టికలోని మట్టములను ఉన్నవి యున్నట్లు సాధనమునకు అందించి, మట్టముయొక్క ఘాతముగా పరిమాణమును సంధింపు మనును. ఏమగునో లెక్కింతము. సౌకర్యమునకై చెఱువు అడుగు 1,730 అడుగుల మట్టమున నున్నదనియు, పరిమాణము లోతుయొక్క వర్గమును అనుసరించుననియు ఊహింతము. ఈ రెండును నేను ఉదాహరణకు కల్పించుకొన్నవి. చెఱువు కొలతలు కావు. ఈ ఊహ ప్రకారము 1,760 కడ చెఱువు పాతికవంతు నిండియుండును, 1,790 కడ పూర్తిగా నిండును. ఈ రెండు బిందువులగుండ సముద్రమట్టమును మూలముగా నుంచి ఘాతవక్రమును పోనిచ్చినచో ఘాతాంకము 82 వచ్చును! ఎనుబదిరెండవ ఘాతమున పెరుగు లోయ భూమిపై నెచటను లేదు. అయినను ఆ గీత రెండు బిందువులను తాకును. 1,775 కడ 56 శాతమునకు బదులు 50 శాతము చెప్పి, చూపరులకు పెద్ద వింతగా తోచకుండ నుండును. క్రిందికి దిగినకొలది దాని గుట్టు బయటపడును. 1,730 కడ, అనగా బీటలు వారిన అడుగునందు, ఇంకను 6 శాతము నీరున్నదని అది చెప్పును. పైకి పోయి 1,800 కడ చూచినచో 136 శాతమునకు బదులు 158 శాతము చెప్పును.

అడుగు మట్టమును కూడ తెలియని సంఖ్యగా నుంచి సాధనమునే కనుగొను మనవచ్చును కదా యందురు. అట్లే చేయవలయును. కాని అప్పుడు సమస్య సరళ సమీకరణములతో తేలదు. ఒక ఊహతో మొదలుపెట్టి అడుగడుగున సవరించుకొనుచు పోవలయును. లెవెన్‌బర్గు 1944లోను, మార్క్వార్టు 1963లోను చెప్పిన పద్ధతి నేడు ఎల్లెడల వాడుకలో నున్నది. పైథానులోని సైపై గ్రంథాలయమున కర్వ్‌ఫిట్ అను ప్రమేయము కలదు. మొదటి ఊహను మనము చెప్పనియెడల అది తెలియని సంఖ్యలన్నింటిని ఒకటిగా తీసికొని బయలుదేరును. గండిపేట విషయమున దీని యర్థమేమి? చెఱువు అడుగు సముద్రమునకు ఒక్క అడుగు ఎత్తున నున్నదని మొదలిడుట! అచటనుండి 1,730 కడకు అది చేరవచ్చును, చేరకపోవచ్చును. నడుమ ఎచటనైన అడుగు మట్టమును అన్నింటికంటె క్రింది బిందువునకు పైగా ఊహించినచో, ఋణసంఖ్యకు భిన్నఘాతము వేయవలసివచ్చి లెక్క విఱిగిపోవును. కావున మొదటి ఊహను మనిషియే ఇయ్యవలయును. అడుగు మట్టము ఏ హద్దులు దాటరాదో కూడ చెప్పవలయును. చెఱువును చూచినవాడు ఈ రెండును సులువుగా చెప్పగలడు.

బహుపదులను వాడువారికి ఇదే చిక్కు వేఱు రూపమున ఎదురగును. పాలీఫిట్ అను ప్రమేయముతో అయిదవ పరిమాణపు బహుపదిని సంధింపబూనినచో 1,790 యొక్క అయిదవ ఘాతము 17 అంకెల సంఖ్య యగును. కంప్యూటరు సామాన్యముగా నిలుపుకొనగలిగినవి 15 లేక 16 సార్థకాంకములు మాత్రమే. పైగా 1,760 మొదలు 1,790 వఱకుగల మట్టముల వర్గములు, ఘనములు, చతుర్థఘాతములు ఇంచుమించు ఒకే సరళిలో పెరుగుచుండుటచే ఏది యేదియో గణనమునకు అంతుపట్టదు. మ్యాట్‌ల్యాబు అపుడు హెచ్చరిక యొకటి చూపును. గీత తెరపై చక్కగానే పడినది గదా యని దానిని లక్ష్యపెట్టనివారే పెక్కుమంది. మట్టములనుండి వాని సగటును తీసివేసి, వ్యాప్తిచే భాగించి పిదప సంధించుటయే విరుగుడు. ఆ సౌకర్యము ఆ ప్రమేయమునందే కలదు.

బహుపది పరిమాణమును పెంచినకొలది అవశేషములు తగ్గును. బిందువులెన్నియో అంతకు ఒకటి తక్కువ పరిమాణమును తీసికొన్నచో గీత అన్ని బిందువులగుండను పోవును, అవశేషము సున్న. దీనిని విజయమనుకొనరాదు. సమదూరమున నున్న బిందువులగుండ పోవు అధిక పరిమాణ బహుపదులు కొనలయందు ఎట్లు ఎగిరిపడగలవో రుంగె 1901లోనే చూపెను. చెఱువు లెక్కలో దీనిని పట్టుటకు మంచి పరీక్ష కలదు. మట్టము పెరుగుచుండగా పరిమాణము తగ్గరాదు. అంతకంటె సూక్ష్మమైనది మఱియొకటి: పరిమాణ వక్రముయొక్క వాలు ప్రతి మట్టమునను నీటి ఉపరితల విస్తీర్ణమునకు సమానము. విస్తీర్ణమును సర్వేవలనను, ఉపగ్రహ చిత్రములవలనను వేఱుగా కొలువవచ్చును. గీత చెప్పు వాలును ఆ విస్తీర్ణముతో సరిచూచినయెడల బిందువులను తాకుచు వాలున బొంకు గీత పట్టుబడును.

సంవర్గమానములు తీసికొని ఘాతవక్రమును సరళరేఖగా మార్చి సంధించుట పూర్వమునుండి వచ్చిన ఆచారము. కంప్యూటరు లేని దినములలో అది తప్పనిసరి. ద్విసంవర్గమాన కాగితముపై స్కేలు పెట్టి గీచెడివారు. ఇప్పుడును ఆ అలవాటు పోలేదు. దానివలన జరుగునది తెలిసియుండవలయును. కొలతలో 0.1 టి.ఎం.సి. పొరపాటు వచ్చినదనుకొనుడు. నిండు చెఱువున 3.9 కు బదులు 4.0 వ్రాసిన యెడల సంవర్గమానములో భేదము మిక్కిలి స్వల్పము. 0.2 కు బదులు 0.3 వ్రాసిన యెడల ఆ భేదము పదునాఱింత లగును. వర్గము చేసినపుడు 256 రెట్లు. అనగా అడుగంటిన చెఱువు కొలతలకే సాధనము చెవి యొగ్గును. నిండు చెఱువును లెక్కచేయదు. వేసవిలో త్రాగునీటి లెక్కకు ఇది మంచిదే కావచ్చును; వరదనాడు కీడు. ఏ తప్పు మనకు ఎక్కువ నష్టము చేయునో నిర్ణయించుకొని బిందువులకు తగిన భారములను మనమే యియ్యవలయును.

పదముల ఆవృత్తిని లెక్కించు విద్యార్థులకును ఈ మాట వర్తించును. పదములను ఆవృత్తిక్రమమున పేర్చి సంవర్గమానముల గ్రాఫుపై ఉంచినచో ఇంచుమించు సరళరేఖ వచ్చునని జిఫ్ చూపినది ప్రసిద్ధము. ఒక్కసారి మాత్రమే వచ్చు పదములు తెలుగున, సంధి సమాసములవలనను విభక్తి రూపములవలనను, కుప్పలుగా నుండును. కాగితముపై కుడి కొనన ఆ కుప్పయంతయు చేరి రేఖ వాలును తనవైపు లాగుకొనును. అప్పుడు వచ్చిన ఘాతాంకము కవి శైలిని చెప్పుచున్నదో, పదవిభాగము చేసినవాని అలవాటును చెప్పుచున్నదో విచారింపవలసియున్నది. ఇది ప్రత్యేక వ్యాసమునకు తగిన విషయము గాన ఇచట విడుచుచున్నాను.

ఇక గండిపేట పుట్టుకకే కారణమైన వక్రరేఖను గూర్చి చెప్పవలయును. ఈ కథయందు సాధనము లేదు, కంప్యూటరు లేదు. తప్పు మాత్రము నేటిదే.

పరీవాహక వైశాల్యమునుబట్టి నదికి వచ్చు గరిష్ఠ వరదను అంచనావేయుటకు పందొమ్మిదవ శతాబ్దమున ఇంజనీరులు కొన్ని సూత్రములను కూర్చిరి. ఉత్తరదేశమున డికెన్సు సూత్రము, మద్రాసు ప్రాంతమున రైవ్సు సూత్రము వాడుకలోనికి వచ్చెను. అవి చూచిన వరదల బిందువులకు సంధించిన ఘాతవక్రములే. రైవ్సు ప్రకారము క్యూసెక్కులలో వరద, చదరపు మైళ్లలో వైశాల్యముయొక్క మూడింట రెండవ ఘాతమును ఒక గుణకముచే హెచ్చింపగా వచ్చును. కొండలకడనున్న ప్రదేశములకు చెప్పు పెద్ద గుణకము 675. హైదరాబాదు నగరమునకు ఎగువను మూసీ పరీవాహక వైశాల్యము 862 చదరపు మైళ్లు. దాని మూడింట రెండవ ఘాతము 90.6. కావున పెద్ద గుణకమునే తీసికొన్నను గరిష్ఠ వరద సుమారు 61,000 క్యూసెక్కులు.

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద 4,25,000 క్యూసెక్కులని విశ్వేశ్వరయ్య గణించెను. సూత్రము చెప్పినదానికి ఏడింతలు. నగరము మునిగెను, సుమారు పదునైదువేలమంది మరణించిరని అంచనా.

ఏడింతల తప్పు గుణకమును సవరించుటచే తీరునది కాదు. ఎందుకు తప్పినదో చూతము. 1909లో నిజాము ప్రభుత్వము ఆహ్వానముపై వచ్చిన విశ్వేశ్వరయ్య నదికి ఎగువను గల ప్రదేశమునెల్ల పరిశీలింపజేసెను. శంషాబాదున 24 గంటలలో 12.8 అంగుళములును, 48 గంటలలో 18.9 అంగుళములును వర్షము పడినది. ఆ పరీవాహక ప్రాంతమున 788 చెఱువులు, ఇంచుమించు చదరపు మైలున కొకటి చొప్పున, ఉండినవి. వానిలో 221 తెగినవి. ఈ సంఖ్యలను వరద లెక్కతో పోల్చిచూచుట ఉపయుక్తము. ఒక చదరపు మైలుపై గంట కొక్క అంగుళము వర్షము పూర్తిగా పాఱినచో 645 క్యూసెక్కులగును. 4,25,000ను 862చే భాగించిన 493 క్యూసెక్కులు వచ్చును. అనగా ఆ ప్రాంతమంతటినుండియు ఒకేసారి గంటకు ముప్పాతిక అంగుళముపైగా నీరు పాఱినట్లు. శంషాబాదులోని 24 గంటల వర్షపు సగటు చూచినచో గంటకు అరయంగుళము మించి కొంచెమే. ఒక్క వర్షమాపకముపై నిర్ణయము చేయరాదు; నడుమ వర్షము ఉధృతమైన గంటలును ఉండియుండును. అయినను ఆకాశమునుండి పడినదానికి నేలపై నిలిచియుండినదికూడ తోడైనదని ఈ లెక్క వేలెత్తి చూపుచున్నది. ఒక కట్ట తెగి దిగువ కట్టపై బడును. అది తెగి మఱియొకదానిపై బడును. గండియను మాట పేరులోనే వినబడు ఊరికడ ఆనకట్ట కట్టవలసివచ్చుట ఈ కథకు తగియేయున్నది.

రైవ్సు సూత్రము బిందువులు కట్టలు నిలిచిన వరదలనుండి వచ్చినవి. కట్టలు తెగిన వరద వేఱు జాతి. మొదటి జాతి బిందువులను ఎన్నివేలు కూర్చినను వానిలో రెండవ జాతి వార్త యుండదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన మన సి. ఆర్. రావు 1945లో నిరూపించిన అసమత యీ విషయమున స్మరింపదగినది. దత్తాంశమున ఉన్న సమాచారమునకు మించిన ఖచ్చితత్వము, పక్షపాతము లేని ఏ అంచనాకును రాదని అది చెప్పును. సాధనములు ప్రతి గుణకము ప్రక్కను ముద్రించు ప్రామాణిక దోషము ఆ పరంపరలోనిదే. కాని అదియు ఆకారము సరియైనదను ఊహకు లోబడియే చెప్పబడినది. ఆకారమే తప్పినపుడు ఆ దోషసంఖ్య ఎంత చిన్నదైనను మనకు తోడురాదు.

విశ్వేశ్వరయ్య గీతను పొడిగింపలేదు. వర్షమును, చెఱువులను, వరద గుర్తులను వేఱువేఱుగా పరిశీలించి, మూసీపై నొకటియు ఈసీపై నొకటియు జలాశయములు కట్టి వరదను నిలిపి మెల్లగా విడువవలెనని సూచించెను. మూసీపై ఉస్మాన్‌సాగరు, అనగా గండిపేట చెఱువు, 1920లో పూర్తియయ్యెను. ఈసీపై హిమాయత్‌సాగరు 1927లో.

హైదరాబాదు రాజ్యమున ముఖ్య ఇంజనీరుగా నుండిన నవాబు అలీ నవాజ్ జంగు పేర మఱియొక వరద సూత్రము కలదు. జలశాస్త్ర పాఠ్యగ్రంథములలో దానిని దక్కను పరీవాహకములకు చెప్పుదురు. అందు వైశాల్యముయొక్క ఘాతాంకము స్థిరము కాదు. వైశాల్యముయొక్క సంవర్గమానమున పదునాలుగవ వంతు చొప్పున తగ్గుచుండును. గణితభాషలో చెప్పినచో ద్విసంవర్గమాన కాగితముపై రైవ్సుది సరళరేఖ, ఈయనది పరవలయము. ప్రదేశము పెద్దదైనకొలది అంతటను ఒకేసారి కుంభవృష్టి కురియుట అరుదు గదా! ఆ తెలివి వంపులోనికి వచ్చినది. పరవలయము ఎచటనో శిఖరము చేరి క్రిందికి వంగవలయును. అది దోషము కాదా యనవచ్చును. లెక్కించిచూడగా ఆ శిఖరము భారతదేశ వైశాల్యమునకు రెండింతలు మించిన పరీవాహకముకడ గాని రాదు. వంపునకు కారణమున్నది, దాని దోషము వాడుక హద్దులకు బహుదూరమున నున్నది. నా మతమున చేతితో చేసిన సంధానములలో ఇది మిక్కిలి ముచ్చటైనది.

సంధానపు మంచిచెడ్డలను ఒక్క సంఖ్యతో తేల్చుకొనవలెనను ఆశ సామాన్యము. ఆర్-స్క్వేరు 0.99 వచ్చినదని సిద్ధాంతగ్రంథములలో వ్రాయుదురు. పైన చెప్పిన 82వ ఘాతపు గీతకును ఆ సంఖ్య ఎక్కువగానే వచ్చును. ఆన్‌స్కోంబు 1973లో పదునొకండేసి బిందువులుగల నాలుగు పట్టికలను ప్రకటించెను. నాలుగింటికిని సగటులు, సంధానరేఖ, సహసంబంధము ఇంచుమించు ఒక్కటియే. గ్రాఫుపై ఉంచినచో ఒకటి సరళము, ఒకటి వక్రము, ఒకదానిలో ఒక బిందువు దారితప్పినది, ఒకదానిలో రేఖయంతయు ఒక్క బిందువుపై ఆధారపడినది. కావున గీతను చూచుటకంటె అవశేషములను చూచుట మేలు. అవి శూన్యరేఖకు ఇరువైపుల చెదరి యుండవలయును. క్రింద కొన్ని, పైన కొన్ని, మరల క్రింద కొన్ని చొప్పున బారులు తీరినచో, ఆకారము తప్పినదని చెఱువే చెప్పుచున్నట్లు.

వరదనాడు ఈ గీతపై ఆధారపడునదేమి? చెఱువులోనికి వచ్చు నీటిని నేరుగా కొలుచుట కష్టము. గంటలో మట్టము ఎంత పెరిగినదో చూచి, దానిని గీతపై పరిమాణముగా మార్చి, తలుపులగుండ పోయినదానిని కలిపి, ఇంత ప్రవాహము వచ్చుచున్నదని తేల్చవచ్చును. పూర్ణమట్టమునకు చేరువలో గంటకు ఒక్క అంగుళము పెరిగినదనుకొనుడు. మన ఊహాచెఱువున వర్గవక్రము ప్రకారము అది 3,000 క్యూసెక్కుల మిగులు. ఎనుబదిరెండవ ఘాతపు వక్రము ప్రకారము 4,100. గీత మార్పువలననే 1,100 క్యూసెక్కులు గాలిలోనుండి పుట్టినవి. ఎన్ని తలుపులు ఎంత యెత్తవలెనో, దిగువనున్న ఏ బస్తీవారిని ఎప్పుడు లేపవలెనో నిర్ణయించునపుడు ఈ సంఖ్య చేతనుండును. 2025 సెప్టెంబరులో జంట జలాశయముల తలుపులు ఎత్తగా మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సుస్టేషను ప్రాంగణములోనికి నీరు వచ్చినది; 1908 నాటి నీరు ప్రవహించిన తావులకు అది దూరము కాదు.

తలుపుల విషయమునను ఆకారము మాఱుచుండును. అలుగుపై నుండి దూకు నీరు, అలుగుపైని లోతుయొక్క ఒకటిన్నర ఘాతమును అనుసరించును. కొంచెము ఎత్తిన తలుపు క్రిందుగా చిమ్ము నీరు, లోతుయొక్క వర్గమూలమును అనుసరించును. ఒకే పట్టికలో రెండు స్థితుల కొలతలను కలిపి ఒకే గీతకు సంధించినచో రెంటికిని చెడిన ఘాతాంకము వచ్చును. తలుపు స్థితిని ప్రక్క నిలువు వరుసలో వ్రాసికొనని కొలతల పుస్తకమును ఏ సాధనమును బాగుచేయలేదు.

కాలము గడచినకొలది గీతయే కదలిపోవుట మఱియొక సంగతి. ఏటేట ఒండ్రు చేరి చెఱువు అడుగు పైకి వచ్చును; 1920 నాటి గీత నేటి చెఱువునకు చెల్లదు, తిరిగి సర్వే చేయవలసినదే. ఎగువ నేలయు మాఱును. జంట జలాశయముల రక్షణకై 84 గ్రామములలో కట్టడములను నియంత్రించుచు 1996 మార్చి 8న 111వ సంఖ్యగల ప్రభుత్వపు ఉత్తరువు వెలువడెను. ఆ ఆంక్షలను తొలగించుచు 2022లో మఱియొక ఉత్తరువు వచ్చెను. మొయినాబాదు, చేవెళ్ల, శంషాబాదు ప్రాంతపు నేలలో దున్నిన చాలు నీటిని పీల్చుకొనును; సిమెంటు పీల్చుకొనదు. అదే వర్షమునకు వరద త్వరగాను ఎత్తుగాను రాగలదు. అప్పుడు వర్షమునకును వరదకును నడుమ గీచిన పాతగీతయొక్క బిందువులన్నియు మఱియొక నేలపై కొలిచినవగును.

కావున గ్రాఫు అచ్చువేయువారు గీతతోపాటు మూడు సంగతులు దానిపైననే వ్రాయవలయునని నా మనవి: బిందువులు కొలిచిన సంవత్సరము, అన్నింటికంటె క్రింది బిందువు, అన్నింటికంటె పై బిందువు. పై బిందువునకు ఆవల గీతను పొడిగింపవలసివచ్చినచో అచటినుండి చుక్కలగీతగా వేయుట సర్వేశాఖలయందు పాత వాడుక. నేటి సాధనములు అడుగనిదే చుక్కలగీత వేయవు. ఈ కొననుండి ఆ కొనవఱకు ఒకే నిండుగీత గీచును. అందులో చుక్కలు ఎచట మొదలు కావలెనో విద్యార్థి తన చేతితో గుర్తించవలసియున్నది.